టేకు చేప

కడలికి దూరమగు మాణికేశ్వర్ నగరమున నుండి నేను చేపను గూర్చి పలుకుట మీకు వింతగా దోచును. అయినను విశాఖపట్టణపు మత్స్యములపై రస్సెల్ దొర 1803లో ప్రకటించిన గ్రంథమున మన జాలరుల ‘టెంకి’ నామమే యెక్కినది, నేడు టేకందురు.

ఎముకలు లేని యీ చేప చేటవలె పరచుకొని, ఒడలిపై నిసుక జల్లుకొని, లోతులేని నీట పొంచియుండును. నోరు అడుగున నున్నందున కన్నుల వెనుకటి రంధ్రములగుండ నీరు పీల్చును. గ్రుడ్లు పెట్టదు; కొలది పిల్లలనే కనును.

తోకమీది రంపపుముల్లు ఆత్మరక్షణకే. త్రొక్కినవాని పాదమున గ్రుచ్చును. ఆ విషము వేడికి చెడును. కావున ఓర్వదగిన వేడినీట గంటవరకు పాదము ముంచి, వైద్యుని జూడవలెను. పసరు కట్టి కాలయాపన చేయుట నాకు సమ్మతము గాదు. రొమ్మున దిగిన ముల్లును మాత్రము పెరుకరాదు. నీట పాదము లీడ్చుచు నడచినచో అలికిడికి తానే తొలగును.