పట్టిన పాము మేత ఎందుకు ముట్టదు?

పామంటే మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో భయమూ ఉంది, భక్తీ ఉంది. శ్రావణంలో నాగుల పంచమికి పుట్టలో పాలు పోస్తాం. పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి దగ్గరి కేస్లాపూర్‌లో మెస్రం వంశపు గోండులు గోదావరి జలం తెచ్చి నాగోబాను కొలుస్తారు. ఇంతగా కొలిచే మనలో పాము ఏం తింటుందో, ఎప్పుడు తింటుందో తెలిసినవాళ్ళు ఎందరు? జువాలజీ చదివే నాకే తెలియదని ఒక నాగుపాము రుజువు చేసింది.

ఆ నాగుల పంచమి నాడు అటవీశాఖ వారు పాములవాని బుట్టలోంచి దాన్ని స్వాధీనం చేసుకున్నారు. నోరు దారంతో కుట్టేసి ఉంది. కోరలు పీకేసి ఉన్నాయి. పశువుల డాక్టరు కుట్లు విప్పారు. గాయం మానేదాకా చూసే బాధ్యతను పాముల సంగతి బాగా తెలిసిన ఒక అన్నకు అప్పగించారు. నేను సాయానికి పోయేవాణ్ణి.

గాయం మానినా అది మేత ముట్టలేదు. నేను రోజుకు మూడుసార్లు ఎలుకను చూపించేవాణ్ణి, అద్దం మీద వేలితో తట్టేవాణ్ణి. అది పడగ విప్పి బుసకొట్టేది, అంతే. పదో రోజుకు నాకు దిగులు పట్టుకుంది.

"అన్నా, ఇది సచ్చిపోతదేమో. నోట్లో కుక్కుదామా?"

"తమ్మీ, దానికి ఆకలి లేక కాదు. నువ్వు ఊకె కనవడుతున్నవని తింటలేదు. జర దూరముండు" అన్నాడు అన్న.

అందులోనే శాస్త్రమంతా ఉంది. పాము మన పశువుల వంటిది కాదు. దాని ఒంటి వేడి బయటి వేడిని బట్టి ఉంటుంది. ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి తిండి ఖర్చు చేయనక్కరలేదు గనుక ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము వారాలు, ఒక్కోసారి నెలలు కూడా పస్తు ఉండగలదు. నాగుపాముకు దాదాపు 28 నుండి 32 డిగ్రీల వేడి ఉంటేనే అరుగుదల బాగుంటుంది. మన ఆదిలాబాద్ చలిలో మింగినా, తిన్నది కడుపులోనే కుళ్ళి కక్కేస్తుంది. కుబుసం విడిచే ముందు కళ్ళు మసకబారతాయి, అప్పుడూ తినదు. అన్నిటికంటే ముఖ్యం భయం. మింగేటప్పుడు పాము నిస్సహాయంగా ఉంటుంది. శత్రువు ఎదుట నిలబడి ఉండగా ఏ పాము నోరు తెరుస్తుంది?

అన్న చేసిన పనులు చూడటానికి చిన్నవే. అద్దానికి గుడ్డ కప్పాడు. దూరేందుకు బోర్లించిన కుండ పెట్టాడు. ఒక మూల బల్బుతో వెచ్చదనం, ఇంకో మూల చల్లదనం, గిన్నెలో మంచినీళ్ళు. వారానికోసారి తూకం. బరువు నిలకడగా ఉంటే ఆగొచ్చు. వెన్నెముక గట్టులా తేలితే మాత్రం డాక్టరు చేతికివ్వాలి. బతికిన ఎలుకను వదిలి రాకూడదు, తినని పామును అదే కొరుకుతుంది. బలవంతంగా కుక్కితే గొంతు చీరుకుపోవచ్చు, లేదా తిన్నదంతా కక్కేయవచ్చు.

అడవి పాముకు తెల్ల ఎలుక వాసన కొత్త. అందుకని చచ్చిన ఎలుకకు కప్ప వాసన పట్టించి, పొద్దుగూకే వేళ కుండ పక్కన పెట్టి తలుపు మూశాం. ఇరవై మూడో రోజు తెల్లవారి చూస్తే ఎలుక లేదు! పరీక్ష పాసైనప్పుడు కూడా నాకంత సంతోషం కాలేదు.

మరి నాగుల పంచమి నాడు పాము పాలు తాగడం మనం చూస్తాం గదా అంటారు. నిజమే, కాని అది దాహం. రోజుల తరబడి నీళ్ళు లేకుండా ఎండబెట్టిన పాము ఏ ద్రవమిచ్చినా తాగుతుంది. పాలు దానికి అరగవు. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు.

కోరలు పీకిన పాముతో భయం లేదనుకోవడమూ పొరపాటే. వెనకాల కొత్త కోరలు సిద్ధంగా ఉంటాయి, కొన్ని వారాల్లో ముందుకొస్తాయి. మా పాముకూ అలాగే వచ్చాయి. నాలుగైదు మేతలు సొంతంగా తిన్నాక అటవీశాఖ వారు దాన్ని అడవిలో వదిలారు. అది వెనక్కి చూడలేదు. చూడాలని నేనూ కోరుకోలేదు.

మిత్రులారా, ఇది చదివి పామును పెంచుకుందామనుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపామును పట్టి ఉంచుకోవడం నేరం. ఎన్ని ఏర్పాట్లు చేసినా మా పాము ఇరవై మూడు రోజులు పస్తుంది. అడవిలో దానికి మన సాయం అక్కరలేదు. వచ్చే పంచమికి బుట్టపాము మీ గడప ముందుకొస్తే పాలు పోయకండి, పైసలియ్యకండి. అటవీశాఖకు కబురు పెట్టండి.