సూదుల మంచం నుంచి పొలం గట్టుకు

చోడవరం చెరకు రైతుకు రెండు కిడ్నీలూ పూర్తిగా చెడితే డయాలసిస్ ప్రాణం నిలుపుతుంది. కానీ సాధారణంగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు సూదులు గుచ్చిన చేతిని కదపకుండా పడుకోవాలి. ఇక పొలం పని ఎప్పుడు? యంత్రం రక్తాన్ని ఆ కాసేపే వడకడుతుంది, కిడ్నీ రాత్రింబవళ్లూ వడకడుతుంది. అందుకే ఆపరేషన్ తట్టుకోగలిగినవారికి కిడ్నీ మార్పిడే మేలు; సగటున ఆయుష్షూ ఎక్కువే. జీవితాంతం మందులు మింగాలి కదా అంటారు. నిజమే, మానేస్తే శరీరం కొత్త కిడ్నీని తిప్పికొడుతుంది, వాడితే ఇన్ఫెక్షన్ల భయం. అయినా ఆ మాత్రలు మనిషిని మంచానికి కట్టేయవు.

మరి ఇచ్చినవారి సంగతి? 1954లో బోస్టన్‌లో కవల సోదరుడికి కిడ్నీ ఇచ్చిన దాత ఆపై 56 ఏళ్లు జీవించారు. ముప్పు అసలు లేదనలేం. కాబట్టే ఇంట్లోవాళ్ల మీదే భారం వేయకుండా, బ్రెయిన్ డెడ్ అయినవారి కిడ్నీలు అందాలి. 1994 అవయవ మార్పిడి చట్టం అందుకు దారి వేసింది. మన రాష్ట్రంలో జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన పథకం ఆ పని చూస్తోంది. మీకే అలా జరిగితే, ఆ ఘడియలో దానానికి సంతకం పెట్టాల్సింది మీవాళ్లే. మీ ఇష్టమేమిటో ఈ రాత్రే వాళ్లకు చెప్పండి.