వార్తల్లో పదం: వయబిలిటీ గ్యాప్ ఫండింగ్

హైదరాబాద్ మెట్రో లాభనష్టాల చర్చ వచ్చినప్పుడల్లా వినిపించే పదమిది. ఊరికి రైలు కావాలి, కానీ టికెట్ డబ్బుతో పెట్టుబడి తిరిగి రాదు. ఆ తేడాను పూడ్చడానికి ప్రైవేటు సంస్థకు ప్రభుత్వం ఇచ్చే గ్రాంటే ఇది. తిరిగి కట్టనక్కర్లేదు. కేంద్ర పథకం కింద ప్రాజెక్టు వ్యయంలో 20 శాతం దాకా ఇస్తారు. రాష్ట్రం మరో 20 శాతం దాకా కలపవచ్చు. టెండర్‌లో తక్కువ గ్రాంటు అడిగినవారిదే పని.

ఇక్కడే చిక్కుంది. 2008లో హైదరాబాద్ మెట్రో టెండర్‌లో మేటాస్ సంస్థ గ్రాంటు అడగకపోగా, ప్రభుత్వానికే రూ.30 వేల కోట్లకు పైగా ఎదురు చెల్లిస్తానంది. ప్రయాణికుల కన్నా మెట్రో కోసం ఇచ్చే భూముల మీదే ఆశ ఎక్కువన్న అనుమానం అప్పుడే తలెత్తింది. మేటాస్ యజమానుల కుటుంబానికే చెందిన సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడ్డాక, 2009లో ఆ సంస్థతో ఒప్పందం రద్దయింది. మరుసటి ఏడాది ఎల్ అండ్ టీ రూ.1,458 కోట్ల గ్రాంటుతో పని దక్కించుకుంది. 2017 నవంబరులో రైలు కదిలింది.

అయితే ఈ గ్రాంటు నిర్మాణానికే. రోజువారీ నిర్వహణలో వచ్చే నష్టానికి కాదు. ఆ భారం ఛార్జీల మీద, స్టేషన్లలోని మాల్స్ అద్దెల మీద పడుతుంది. 2025 మేలో టికెట్ ధర పెరిగింది. బస్తీ నుంచి పనికెళ్లే మనిషికి ఆ పెంపు చిన్నదేమీ కాదు. నిర్వహణకూ ప్రభుత్వ సాయం ఉండాల్సిందే.