ఒకే ఆవర్తముపై పాట కట్టుట

గత సంవత్సరము మన వార్షికోత్సవమునకు స్వాగతగీతము కట్టెదనని తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు ముందుకు వచ్చెను. వాని కంప్యూటరులో ‘లూపు’లు గలవు. లూపు అనగా కొద్ది క్షణముల వాద్యధ్వని ముక్క. తుది ముట్టగానే మొదటికి వచ్చి తానే మరల మ్రోగుచుండును. తొలినాడే మృదంగము, వీణ, వేణువు, గంటలు మొదలుగా తొమ్మిది ముక్కలు ఒకదానిపై నొకటి పేర్చి వినిపించెను. బాగుగనే యుండెను. పిదప మూడు వారములు గడచినను పాట ముందునకు సాగలేదు. “ఎన్నిసార్లు విన్నా అదే వస్తోంది మాష్టారూ, నాకు సంగీతం రాదేమో” అని కంట తడి పెట్టుకొనెను. తండ్రిగారు ఆ యంత్రమును బీరువాలో పెట్టి తాళము వేయ నెంచిరి. నేను వారించితిని.

మరల మరల వచ్చుట దోషము కాదు. ఆదితాళమున లఘువునకు నాలుగు, రెండు ద్రుతములకు రెండేసి, వెరసి ఎనిమిది అక్షరములు. కృతి ముగియువరకు ఆ ఎనిమిదే తిరుగుచుండును. త్యాగరాజస్వామి (1767–1847) ఖరహరప్రియలో రచించిన ‘చక్కని రాజమార్గము’ పల్లవిని ఆలకింపుడు. మొదట సాదాగా వచ్చును. మరుమారు ఒకచోట మాత్రము నడక మారును; ఆపై మరికొంత పెరుగును. వీనినే సంగతులందురు. మాటలు మారవు, తాళము మారదు. తొలిమారే సర్వము కుమ్మరించినచో రెండవ సంగతికి చోటెక్కడ?

మనవాని చిక్కు ఇదియే. తొమ్మిది ముక్కలును తొలి ఆవర్తములోనే నిండిపోయినవి. మృదంగము నొక్కదానిని ఉంచి తక్కినవి తీసివేయించితిని. పిదప అదియు ఆపించి, చేతితో తాళము వేయుచు తెలుగు మాటలు పలుకుమంటిని. ‘రండి’ యన్న గురువు పిమ్మట లఘువు. ‘దయచేయుడు’ అన్న నడుమ నొక గురువు, ఇరువైపుల రెండేసి లఘువులు. మార్కులకై వల్లించిన ఛందస్సు ఇచ్చట పనికివచ్చుట చూచి వాడు ఆశ్చర్యపడెను. నిజము చెప్పవలెనన్న నేనును ఆశ్చర్యపడితిని. మాట కుదిరిన పిదప మారున కొక్కటే మార్పు: ఒకమారు వీణ చేరును, ఒకమారు మృదంగము ఒక ఆవర్తముపాటు ఊరకుండును. ఆ నిశ్శబ్దమే అందరికిని నచ్చినది.

తల్లిదండ్రులారా, పిల్లవాడు ఒకే ముక్కను గంటసేపు మ్రోగించినచో కోపగింపకుడు. యంత్రము నాపించి, “ఏదీ, నోటితో పాడు” అనుడు. డిసెంబరులో మన చెన్నపురి సభలకు గొనిపోయి, పల్లవి ఎన్నిమారులు తిరిగినదో, ప్రతిమారు ఏమి మారినదో చెప్పుమనుడు. అచ్చట పాడువారిలో పెక్కురు నేర్చి పలుకు తెలుగు మన పిల్లలకు ఇంటి మాట.

ఉత్సవమునాటికి చరణము కుదురలేదు. పల్లవి మాత్రమే ఐదు సంగతులతో పాడిరి. చరణము ఈ యేడు కట్టుచున్నాడు.