నెమలినార: ఒక చెట్టు, పెక్కు పేర్లు

ఉదయగిరి, ఆత్మకూరు సీమలకు పడమట వెలికొండలు పెట్టని కోటలై నిలిచియున్నవి. ఈ కొండల నీడను నెలకొనిన పల్లెల పేర్లను పరిశీలించినచో చెట్లకును, నీటికిని, నేలకును గల సంబంధము మనకు గోచరించును. ఆత్మకూరునకు పొరుగుననున్న మర్రిపాడు పేరు వినగానే ఊడలు దిగిన మహావృక్షము కన్నులకు కట్టును. ఉదయగిరి వైపునగల వరికుంటపాడు పేరులో పైరును, కుంటయు రెండును కలవు. ఈ పేర్లలోని ‘పాడు’ శబ్దమునకు శిథిలమైనదని అర్థము కాదు. ఊరు అని అర్థము. అర్థము తెలియనివారు మంచి పేరును గూడ చెడ్డదిగా భావించు ప్రమాదము కలదు.

జిల్లా పేరే ఇందుకు మఱొక నిదర్శనము. నెల్లి అనగా ఉసిరిక. ఉసిరిక చెట్టు క్రింద మూలస్థానేశ్వరుడు వెలసెననియు, అందువలన నెల్లూరు అయ్యెననియు స్థలపురాణము చెప్పును. తమిళమున నెల్లు అనగా వడ్లు. కావున వరి పండు ఊరు నెల్లూరు అని మఱికొందఱు చెప్పుదురు. రెండును వినుటకు ఇంపుగనే యున్నవి. పేరు వినగానే తోచిన మొదటి అర్థమే నిజమని తీర్మానింపరాదని దీనివలన గ్రహింపవలెను. ఈ జాగ్రత్తతోనే నేడు మనము ఒక చెట్టు పేర్లను విచారింతము.

ఇంగ్లీషు కథలను, కావ్యములను చదువు విద్యార్థులకు ‘ఎల్మ్’ అను చెట్టు తఱచుగా ఎదురగుచుండును. దీనికి తెలుగు పేరేమి యని అడిగినచో పెక్కుమంది ‘ఒక సీమ చెట్టు’ అని ఊరకుందురు. నిజమునకు అసలైన ఎల్మ్ జాతి చల్లని దేశములది. మన దేశమున ముఖ్యముగా హిమాలయ ప్రాంతములందు పెరుగును. కాని దానికి దగ్గఱ చుట్టమొకటి ఆంధ్రదేశపు ఆకురాల్చు అడవులయందును, చెఱువు గట్లమీదను, బాటల ప్రక్కలను పెరుగుచునే యున్నది. అదియే నెమలినార. దీనిని నవిలి, నాలి, తపసి యనియు పిలుతురు.

ఇది పెద్ద చెట్టు. బెరడు బూడిద వన్నెతో నుండి, ముదిరిన కొలది పొలుసులుగా ఊడును. శీతకాలము ముగియు వేళకు ఆకులన్నియు రాలిపోవును. ఆ మోడు కొమ్మలకే చిన్న చిన్న పూవులు పూచి, పిమ్మట పలుచని కాయలు గుత్తులుగా వ్రేలాడును. ఒక్కొక్క కాయ నడుమ గింజయు, దాని చుట్టును కాగితమువంటి రెక్కయు నుండును. చెట్టు నిండ లేతపచ్చని కాయలు ఉండుటచేత దూరమునుండి చూచువారు వానినే ఆకులని భ్రమింతురు. ఎండలు ముదిరి గాలి వీచినపుడు ఆ కాయలు ఎండి, రెక్కల సాయమున చాల దూరము ఎగిరిపోవును. రెక్కగల ఈ కాయయే ఎల్మ్‌తో దీనికిగల చుట్టఱికమునకు స్పష్టమైన గుర్తు.

శాస్త్రజ్ఞులు ఈ చెట్టునకు పేరు పెట్టిన కథ మన తెలుగు నేలతో ముడిపడియున్నది. విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు 1781 మొదలు 1793 వఱకు సామర్లకోటలో నుండి, అచ్చటి మొక్కలను సేకరించి, భారతీయ చిత్రకారులచేత బొమ్మలు వ్రాయించెను. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి ఆయన రచించిన గ్రంథము 1795 నుండి సంపుటములుగా వెలువడెను. అందు మన చెట్టునకు ‘ఉల్ముస్ ఇంటెగ్రిఫోలియా’ అని పేరిడెను. ఉల్ముస్ అనగా లాటిను భాషలో ఎల్మ్. ఇంగ్లీషు ఎల్మ్‌కును, జర్మను ఉల్మెకును ఇది బంధువే. ఇంటెగ్రిఫోలియా అనగా కోతలులేని నిండు ఆకు గలది. ఎల్మ్ ఆకు అంచున ఱంపపు పండ్లవంటి కోతలుండును. మన చెట్టు ఆకు అంచు నునుపుగా నుండును. లేత మొక్కల ఆకులకు మాత్రము పండ్లు కనబడుటయు కలదు. పిదప 1848లో ప్లాంషాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని వేఱొక ప్రజాతిగా విడదీసి ‘హోలోప్టీలియా’ అని నామకరణము చేసెను. గ్రీకు భాషలో హోలోస్ అనగా సంపూర్ణము. ప్టెలియా అనగా ఎల్మ్. లాటిను పేరు చెప్పిన లక్షణమునే గ్రీకు పేరును మరల చెప్పుచున్నది. పండితులు చూచినది ఆకు అంచును.

మన పల్లెవారు చూచినది వేఱు. నెమలినార యను పేరులోని రెండవ భాగము నిస్సందేహమైనది. ఈ చెట్టు లోపలి బెరడునుండి ముతక నార వచ్చును. దానితో త్రాళ్ళు పేనుదురు. ఇక నెమలి యేల వచ్చినది? కన్నడమున నెమలిని నవిలు అందురు. తెలుగున నమిలి యను రూపమును కలదు. కావున చెట్టు పేరైన నవిలియు, నెమలినారలోని నెమలియు ఒకే మాటకు రెండు రూపములని చెప్పుటకు వీలున్నది. తవుడు తౌడైనట్లు నవిలి నౌలియై, నాలి యగుట నోటికి సహజమే. నడుమ గింజయు చుట్టును రెక్కయు గల కాయను చూచినవారికి పింఛములోని కన్ను తలపునకు రాక మానదు. అయినను పోలిక తోచుట వేఱు, పేరు దానివలననే వచ్చినదనుట వేఱు. ఇట్టిచోట పోలికను పోలికగనే యుంచుట న్యాయము.

తపసి యను పేరు తెలుగు కన్నడములు రెంటను కలదు. ఇది తపస్వి శబ్దమునకు వికృతి. ఆకులు విడిచి, ఎండలో కదలక నిలిచిన చెట్టును చూచి ఎవరో ఒక తాపసిని స్మరించి యుందురనుట సహజమైన ఊహ. హిందీవారు దీనిని చిల్‌బిల్ అందురు. ఇది సంస్కృత చిరబిల్వ శబ్దమునుండి వచ్చినది. కోతులు కాయలను ప్రీతితో తినును గనుక కోతిరొట్టె యను అర్థము వచ్చు పేరును ఉత్తరాదిని వాడుకలో నున్నది. మరాఠీలో వావళ, తమిళమున ఆయ, మలయాళమున ఆవల్ అని వ్యవహారము. ఒక చెట్టునందు ఒకరు నారను, ఒకరు తపస్సును, ఒకరు కోతి విందును చూచిరన్నమాట.

ఇంతవఱకు ఇది వినోదమే. కాని పేరు తప్పినచో ప్రాణము మీదికి వచ్చు తావును కలదు, అది వైద్యము. అమరకోశమునందలి వనౌషధివర్గము చిరబిల్వమును, నక్తమాలమును, కరంజమును ఒకే చెట్టు పేర్లుగా పేర్కొన్నది. కరంజము మన కానుగ. నేటి ఆయుర్వేద ఔషధకోశము చిరబిల్వమనగా నెమలినార యని నిర్ణయించినది. కేరళ వైద్యులు మొలల వ్యాధికి వాడు చిరువిల్వాది కషాయమునందును ఈ చెట్టు పట్టయే చేరును. ఇక పూతికరంజమను పేరు కలదు. పూతి యనగా దుర్గంధము. నెమలినార ఆకును నలిపినచో వెగటు వాసన వచ్చును గనుక ఆ పేరు దీనికి తగియున్నది. కానుగకు చిక్కుడు జాతివలె కాయయు, ఒక్క ఈనెకు పెక్కు ఆకులును ఉండగా, నెమలినారకు రెక్క కాయయు, ఒంటి ఆకును ఉండును. ఈ భేదము తెలియనివాడు కేవలము పేరును నమ్మి అంగడిలో పట్ట కొన్నచో ఒక మందునకు బదులు వేఱొక మందు రోగి కడుపులోనికి పోవును.

పేరు త్రోవ తప్పించుట మన దేశముననే కాదు. ఎల్మ్ చెట్లను చంపు శిలీంధ్రవ్యాధిని ‘డచ్చి ఎల్మ్ వ్యాధి’ యందురు. అది డచ్చి దేశమున పుట్టినది కాదు. 1921 ప్రాంతమున డచ్చి శాస్త్రజ్ఞులు, అందును ముఖ్యముగా స్త్రీలు, దాని కారణమును కనుగొనుటచే ఆ పేరు నిలిచినది. 1960 దశాబ్ది చివర మరల చెలరేగిన ఈ తెగులువలన బ్రిటనులో రెండున్నర కోట్లకు పైగా చెట్లు నశించినవి. చెట్లు పోయినను ఊళ్ళ పేర్లలో, వీథుల పేర్లలో ఎల్మ్ మిగిలియున్నది. మన చెట్టు విషయమున దీనికి విపర్యయము జరుగుచున్నది: చెట్టున్నది, పేరు జారిపోవుచున్నది.

మన నిఘంటువులను తిరుగవేసినచో అనేక చెట్ల పేర్ల కెదురుగా ‘వృక్షవిశేషము’ అని మాత్రమే యుండును. ఆ విశేష మేదియో నిఘంటుకారుని కంటె గొఱ్ఱెల కాపరికి, త్రాళ్ళు పేనువానికి, చెక్కపని వానికి చక్కగా తెలియును. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కువారు నర్ది, బిక్కి మొదలగు కఱ్ఱలను చేతితో తాకి గుర్తింతురు. నార త్రాటికి మాఱుగా ప్లాస్టిక్ త్రాడు వచ్చిన పిదప నెమలినార యను పేరును పలుకవలసిన అవసరమే తగ్గిపోయినది. పని పోయినచోట పేరు ఎక్కువ కాలము నిలువదు.

కావున పల్లెలలోని ఉపాధ్యాయులును విద్యార్థులును పూనుకొని చేయదగిన పని యొకటి కలదు. తమ ఊరి చెట్టు పేరును పెద్దలు పలికినది పలికినట్లు వ్రాసికొనవలెను. చెప్పినవారి వృత్తిని, చెట్టు పూచు మాసమును, ఏ భాగము దేనికి వాడుదురో దానిని ప్రక్కనే చేర్చవలెను. ఒక రెమ్మను, ఒక కాయను కాగితముల నడుమ ఆరబెట్టి దానితో భద్రపఱుపవలెను. రెమ్మ తోడులేని పేరు వట్టి శబ్దము. పేరు తోడులేని రెమ్మ ఎండుటాకు. మాఘమాసమున ఆకులన్నియు రాల్చి, పచ్చని రెక్క కాయలను ధరించిన పెద్ద చెట్టు కంటబడినచో, దాని ఆకునో పట్టనో నలిపి వాసన చూచి, అచ్చటి ముదుసలిని ‘తాతా, దీని పేరేమి?’ యని అడుగుడు. నాలి యనునో, తపసి యనునో, మన మెఱుగని మఱొక పేరు చెప్పునో, దానిని ఆ దినముననే వ్రాసియుంచుడు.