ఒక చిన్న రాష్ట్రపు పెద్ద తేదీలు

మన పెద్దలు ఏళ్లను అంకెలతో కంటె అనుభవాలతో లెక్కపెట్టేవారు. ధాత కరువునాటికి ఫలానా తాత పసివాడనీ, పెద్ద గాలివాన వచ్చిన ఏడు ఫలానా ఇల్లు కట్టారనీ చెప్పుకునేవారు. ప్రభుత్వం అచ్చువేసే చరిత్రకూ, ఇంటి అరుగుమీద చెప్పుకునే చరిత్రకూ తేడా అక్కడే ఉంది. మొదటిదానిలో తేదీలు అందరికీ ఒక్కటే. రెండవదానిలో ఎవరి తేదీ వారిది. ఈ మాట ఎంత నిజమో తెలియాలంటే అమెరికా రాష్ట్రాలన్నిటిలోకీ చిన్నదైన రోడ్ ఐలెండు చరిత్రను ఒకసారి తిరగవేస్తే చాలు.

ఐలెండు అంటే దీవి అయినా, ఆ రాష్ట్రంలో ఎక్కువ భాగం దీవి కాదు. అమెరికా తూర్పుతీరాన, న్యూయార్కుకూ బోస్టనుకూ నడుమ, నరగాన్సెట్ అఖాతం చుట్టూ ఒదిగిన కొద్దిపాటి నేల అది. నిడివి సుమారు 48 మైళ్లు, వెడల్పు 37 మైళ్లు. వైశాల్యం 1,545 చదరపు మైళ్లయితే, అందులో దాదాపు మూడవ వంతు నీరే. మన దేశంలో ఎన్నో జిల్లాలు దానికంటె పెద్దవి. 2020 లెక్కల ప్రకారం జనాభా పదకొండు లక్షలకు కొంచెం తక్కువ. గాలివాన ఏడు వారికీ ఒకటున్నది. 1938 సెప్టెంబరు 21న వచ్చిన తుపానులో ముఖ్యపట్టణమైన ప్రావిడెన్సు వీధులు సముద్రపు నీటిలో మునిగిపోయాయి. అయితే ఆ రాష్ట్రానికి పేరు తెచ్చినవి గాలివానలు కావు.

వెలివేయబడినవాడు కట్టిన ఊరు

రోజర్ విలియమ్స్ అనే మతబోధకుడు 1631లో ఇంగ్లండు నుంచి మసాచుసెట్సుకు వచ్చాడు. అక్కడ ఏలుబడి ప్యూరిటన్లనే కఠిన నియమాల క్రైస్తవులది. ఆయన వారికి మింగుడుపడని మాటలు రెండు చెప్పాడు. ఈ నేల ఇక్కడి ఆదివాసులది, ఇంగ్లండు రాజు పట్టా వ్రాసి ఇచ్చినంతమాత్రాన మనది కాదన్నది ఒకటి. దేవుణ్ణి ఎవరు ఎలా కొలిచినా దండించే అధికారం ప్రభుత్వానికి లేదన్నది రెండవది. 1635 అక్టోబరులో అక్కడి న్యాయస్థానం ఆయనకు దేశబహిష్కార శిక్ష వేసింది. బలవంతంగా ఓడ ఎక్కించి ఇంగ్లండుకు పంపబోతున్నారని తెలిసి, 1636 జనవరిలో మంచుకురిసే వేళ ఆయన ఇల్లు విడిచి అడవిదారి పట్టాడు.

ఆ చలికాలం ఆయనను బ్రతికించినవారు ఆదివాసులు. నరగాన్సెట్ తెగ పెద్దలు కనానికస్, మియాంటనోమీలు ఇచ్చిన చోట ఆయన ఊరు కట్టి, దైవకృప అనే అర్థం వచ్చేట్టు ప్రావిడెన్సు అని పేరు పెట్టాడు. ఊరి కట్టుబాట్లు లౌకిక విషయాలకే గాని మతవిషయాలకు వర్తించవని మొదటి ఒడంబడికలోనే వ్రాసుకున్నారు. 1638లో మసాచుసెట్సు వెళ్లగొట్టిన ఆన్ హచిన్సన్ అనే ధీరురాలూ, ఆమె తోటివారూ సమీపంలోని అక్విడ్నెక్ దీవికి వచ్చి పోర్ట్స్‌మత్ ఊరు స్థాపించారు. 1639లో అదే దీవిలో న్యూపోర్టు వెలసింది. ఎక్కడా చోటు దొరకనివారి చోటు అనిపించుకున్నది ఆ ప్రాంతం.

విలియమ్స్‌కు అంత త్వరగా చెలిమి కుదరడానికి కారణం భాష. వచ్చిన నాటినుంచీ ఆయన ఆదివాసుల పలుకు నేర్చుకున్నాడు. 1643లో లండనులో ఆయన అచ్చువేయించిన గ్రంథంలో నరగాన్సెట్ మాటలకు ఇంగ్లీషు అర్థాలిచ్చి, వారి పలకరింపులు, భోజనం, పంటలు, వ్యాపారం, పెళ్లిళ్లు అధ్యాయాలవారీగా వివరించాడు. పరాయి ఊరికి బ్రతకవచ్చినవాడు ముందు ఆ ఊరి మాట నేర్వాలని మనకు ఒకరు చెప్పాలా? మన ఇళ్లలో తరతరాలుగా నడుస్తున్న పాఠమే అది.

1644లో ఇంగ్లండు పార్లమెంటు ఆ ఊళ్లకు పట్టా ఇచ్చింది. జాన్ క్లార్క్ అనే ఆయన లండనులో ఏళ్లతరబడి కాచుకొని, 1663 జూలై 8న రెండవ చార్లెస్ రాజు చేత రాజశాసనం సంపాదించాడు. శాంతిభంగం చేయనంతవరకూ మతాభిప్రాయం కారణంగా ఎవరినీ దండించరాదన్నది అందులోని ప్రధానవాక్యం. 1843 వరకు, అనగా 180 ఏళ్లు, అదే ఆ రాష్ట్రానికి రాజ్యాంగం. రాష్ట్రంవారు గర్వించే తేదీలలో ఇది మొదటిది.

మాట ఒక రోజు, నడక ఒక రోజు

అయితే ఆ మాట అందరి గడపకూ ఒకే రోజున చేరలేదు.

మొదట నష్టపోయినవారు చోటిచ్చినవారే. వలసవారికీ ఆదివాసులకూ పెద్దయుద్ధం వచ్చినప్పుడు, 1675 డిసెంబరు 19న మసాచుసెట్సు, ప్లిమత్, కనెక్టికట్ సేనలు రోడ్ ఐలెండు గడ్డమీదికి వచ్చి, చిత్తడినేల నడుమ ఉన్న నరగాన్సెట్ కోటను తగులబెట్టాయి. వందలమంది చనిపోయారు. వారిలో ఆడవారు, పిల్లలు, వృద్ధులు ఎందరో. 1676 మార్చిలో ఆదివాసులు పగతీర్చుకుంటూ ప్రావిడెన్సును కాల్చినప్పుడు విలియమ్స్ ఇల్లు కూడా కాలిపోయింది. ఆ యేడే బందీలైన ఆదివాసులను ఏళ్ల లెక్కన ఊడిగానికి పంచిపెట్టిన సంఘంలో విలియమ్స్ పేరూ కనబడుతుంది. ఆయనను గౌరవించేవారు ఈ పుటను దాటవేయరాదు.

బానిసత్వం సంగతి మరీ విడ్డూరం. పదేళ్లకు మించి ఎవరినీ బానిసగా ఉంచరాదని 1652లోనే అక్కడ ఒక చట్టం వచ్చింది. కాని దానిని ఎవరూ అమలు జరపలేదు. పైగా పద్ధెనిమిదవ శతాబ్దంలో ఈ చిన్న తీరంనుంచి 900కు పైగా ఓడలు ఆఫ్రికాకు వెళ్లి, లక్షకు పైగా మనుషులను బానిసలుగా ఎక్కించుకున్నాయి. వెళ్లేటప్పుడు సరుకు రమ్ము అనే సారాయి, వచ్చేటప్పుడు సరుకు మనుషులు. 1784 మార్చి 1 తరువాత పుట్టిన బిడ్డలు స్వతంత్రులని చట్టం చేశారుగాని, అంతకుముందు పుట్టినవారు బానిసలుగానే ఉండిపోయారు.

యూదుల కథ ఇంకొక తీరు. న్యూపోర్టులో వారి శ్మశానానికి 1677లోనే స్థలం దొరికింది. కాని 1762లో ఆరన్ లోపెజ్ అనే పెద్ద వర్తకుడు పౌరసత్వం అడిగితే, క్రైస్తవుడు కాదని రోడ్ ఐలెండు న్యాయస్థానం కాదన్నది. అతడు వెళ్లి, విలియమ్స్‌ను వెళ్లగొట్టిన ఆ మసాచుసెట్సులోనే పౌరసత్వం పొందాడు. ఆ లోపెజ్ ఓడలే ఆఫ్రికాకు బానిసలకోసం వెళ్లేవని కూడా చెప్పుకోవాలి. అన్యాయం పొందినవాడు అన్యాయం చేయడన్న నియమం లేదుగదా.

1763 డిసెంబరులో న్యూపోర్టు యూదులు ప్రార్థనామందిరం తెరిచారు. అది నేటికీ నిలిచి ఉన్నది. 1790 ఆగస్టులో వాషింగ్టను ఆ ఊరు వచ్చినప్పుడు వారొక వినతిపత్రం సమర్పించారు. ఈ ప్రభుత్వం మతద్వేషానికి తావివ్వదనీ, ఒకరి దయవల్ల మరొకరు బ్రతికే కాలం పోయిందనీ ఆయన బదులు వ్రాశాడు. ఆ లేఖను ఏటేటా అక్కడ బహిరంగంగా చదవడం ఆనవాయితీ అయింది.

ముందు నడిచి, వెనుక చేరి

ఇంగ్లండుమీద తిరుగుబాటులో ఈ రాష్ట్రానిది ముందడుగు. 1772 జూన్ 9వ తేదీ రాత్రి, సుంకాల పేర వర్తకులను వేధిస్తున్న గాస్పీ అనే రాజనౌక వార్విక్ దగ్గర ఇసుకమేట ఎక్కి కదలలేకపోయింది. ప్రావిడెన్సువారు పడవలలో వెళ్లి దానిని పట్టి తగులబెట్టారు. పెద్ద బహుమతి ప్రకటించినా ఒక్కరికీ శిక్ష పడలేదు. 1776 మే 4న, అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు రెండు నెలల ముందే, రాజుకు విధేయత త్రోసివేశారు.

అంత తొందరపడినవారు తొలి పదమూడు రాష్ట్రాలలో దేశ రాజ్యాంగాన్ని అందరికన్నా చివర ఒప్పుకున్నారు. 1790 మే 29న 34 వోట్లకు 32 వోట్లతో, అదైనా రెండే వోట్ల తేడాతో. చిన్నవాడికి పెద్దవాళ్ల నడుమ తన మాట చెల్లదేమోనన్న భయం సహజం.

రాజశాసనంనాటి పద్ధతి వల్ల 134 డాలర్ల భూమి ఉన్నవారికే వోటు ఉండేది. థామస్ విల్సన్ డోర్ అనే న్యాయవాది దానిపై తిరుగుబాటు లేవదీశాడు. 1842లో రాష్ట్రానికి ఇద్దరు గవర్నర్లయ్యారు. మే నెలలో డోర్ పక్షంవారు ఆయుధశాలమీదికి వెళితే వారి ఫిరంగులు పేలలేదు. ఆయన వ్రాయించిన రాజ్యాంగంలో తెల్లవారికి మాత్రమే వోటు. అందువల్ల నల్లవారు ప్రభుత్వ పక్షాన నిలిచి, 1822లో పోగొట్టుకున్న వోటును కొత్త రాజ్యాంగంలో తిరిగి సంపాదించారు. ఇతర దేశాలలో పుట్టి వచ్చిన పౌరులకు మాత్రం భూమి షరతు 1888 వరకూ మిగిలింది.

మిల్లులూ, ఇంటి భాషా

1790 డిసెంబరులో పాటకెట్ ఊళ్లో శామ్యూల్ స్లేటర్ నీటిబలంతో నూలు వడికించాడు. తరువాత ఏటిగట్ల వెంబడి మిల్లులు లేచాయి. వాటిలో పనికి కెనడాలోని క్విబెక్ నుంచి ఫ్రెంచి కుటుంబాలు వూన్‌సాకెట్ పట్టణానికి వచ్చాయి. కొంతకాలానికి ఆ ఊరి జనంలో సగానికి పైగా వారే. వారి చర్చి వారిది, బడి వారిది, పత్రిక వారిది. వారిలో ఒకడైన ఆరం పోథియే 1908లో గవర్నరుగా ఎన్నికయ్యాడు.

1922లో బడులలో బోధన ఇంగ్లీషులో జరగాలని రాష్ట్రం చట్టం చేసింది. తరువాత వారి మతాధికారి హికీ, అన్ని చర్చిలనుంచీ సొమ్ము తీసి ఉన్నత పాఠశాలలు పెట్టించబూనాడు. మా చెమట సొమ్ముతో మా పిల్లలకు ఇంగ్లీషు బడులా అని కొందరు ఎదురుతిరిగారు. వారి నాయకుడు ఎల్ఫేజ్ డెన్యో. 1924లో వారు పెట్టిన పత్రిక పేరు సెంటినెల్, అనగా కావలివాడు. చివరకు కోర్టుకెక్కారు, ఓడిపోయారు. 1928లో దావామీద సంతకాలు చేసినవారిని రోమునుంచి వెలివేశారు. మరుసటి యేడు వారు లొంగి రాజీపడ్డారు. వెలివేయబడినవాడు కట్టిన రాష్ట్రంలో, మాతృభాషకోసం పట్టుపట్టినవారికి మరల వెలి తప్పలేదు. మిల్లులు మూతపడ్డాక పిల్లలు ఉద్యోగాలకు వలసపోయారు. ఫ్రెంచి ఇంటిపేర్లు నిలిచాయిగాని, చాలా ఇళ్లలో ఫ్రెంచి మాట నిలవలేదు. ఇంటిభాష ఒకటీ, బడిభాష వేరొకటీ అయిన మన చదువరులకు ఈ కథను విడమరచి చెప్పనక్కరలేదు.

ఆలస్యంగా వచ్చిన తేదీలు

1880లో రాష్ట్రప్రభుత్వం నరగాన్సెట్ తెగ అనేదే ఇక లేదని చట్టం చేసి, వారి ఉమ్మడి భూమిని తీసుకున్నది. వారు మాత్రం చెదరలేదు. ఏటేటా ఆగస్టులో ఒకచోట కూడుకొని తామున్నామని చాటుతూ వచ్చారు. 1983లో అమెరికా ప్రభుత్వం వారిని తెగగా గుర్తించింది. విలియమ్స్‌పై శిక్షను మసాచుసెట్సు రద్దుచేసినది 1936లో, మూడు వందల ఏళ్లు దాటాక.

ఈ రాష్ట్రం పూర్తి పేరులో ప్రావిడెన్సు ప్లాంటేషన్లు అనే మాట ఉండేది. 1636 నాటికి అది వలసఊళ్లు అనే అర్థమే. బానిసల సంతతివారి చెవికి మాత్రం అది కొరడా చప్పుడు. 2010లో ఆ మాట తీసివేద్దామా అని అడిగితే వోటర్లు పెద్ద మెజారిటీతో వద్దన్నారు. 2020 నవంబరు 3న మరల అడిగితే సరేనన్నారు.

1663 నాటి రాజశాసనాన్ని ప్రావిడెన్సులోని శాసనసభా భవనంలో నేటికీ చూడవచ్చు. కాగితం ఒక్కటే. అయినా అది యూదుల గడపకు చేరింది ఒకనాడు, నల్లవారి గడపకు మరొకనాడు. నేల ఇచ్చినవారి గడపకు చేరేసరికి మూడు శతాబ్దాలు దాటాయి. మంచిమాట వ్రాసిన రోజును పండుగ చేసుకోవడం న్యాయమే. ఆ మాటకోసం వాకిట నిలిచినవారిలో ఆఖరివాడికి అది అందిన రోజును కూడా ఆ ప్రక్కనే వ్రాసుకుంటేనే చరిత్ర పూర్తి అవుతుంది.