ఊడ పట్టుకుని ఊగవద్దు



పిల్లలకు సెలవులిచ్చారంటే ఎక్కడికి తీసుకెళ్ళడమా అన్న ప్రశ్న మనకు తప్పదు. గుడీ, సినిమా, ఎగ్జిబిషనూ అయిపోయాక ఒక పాత తోట చూపించి రండి. మద్రాసులో, అంటే ఇప్పటి చెన్నైలో, అడయారు నది సముద్రంలో కలిసే దగ్గర దివ్యజ్ఞాన సమాజం వారి తోట ఉంది. ఆమధ్య మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, చెల్లెల్నీ దాని ఏడేళ్ళ కొడుకునీ వెంటబెట్టుకుని చూసి వచ్చాను.

సమాజం వారు 1882లో హడిల్‌స్టన్ గార్డెన్స్ అనే 27 ఎకరాల తోటను కొన్నారు. అది పెరిగి పెరిగి 250 ఎకరాలు దాటింది. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు 1909లో, ఇంకా కుర్రవాడుగా ఉండగా, సమాజం పెద్దల కంటబడింది ఇక్కడి సముద్రపుటొడ్డునే.

లోపలికి వెళ్ళగానే నా కళ్ళు చెట్లకింద ఎండుటాకుల మీద పడ్డాయి. రోజూ చీపురు పట్టే చెయ్యి కదా! "ఇక్కడ ఊడ్చేవాళ్ళు లేరా?" అన్నాను. తోటపని చేసే ముసలాయన నవ్వి అరవంలో ఏదో అన్నాడు. "ఆకులన్నీ ఊడ్చేస్తే చెట్టేం తింటుందమ్మా?" అంటున్నాడని చెల్లెలు చెప్పింది. నిజమే. ఆకు కుళ్ళి ఎరువవుతుంది, నేలలో తడి ఆరిపోకుండా కాపాడుతుంది. ఆ ఆకులకింద పురుగుల్ని ఏరుకు తినడానికే పిట్టలు వచ్చి వాలుతాయి.

ఇక అక్కడి మర్రిచెట్టు. వయసు సుమారు 450 ఏళ్ళంటారు. 1989లో గాలివానకు దాని అసలు మాను కూలిపోయింది. అయినా చెట్టు బతికే ఉంది! ఎలాగంటే, మర్రికొమ్మల నుంచి దిగిన ఊడలు నేలను తాకితే అక్కడ వేళ్ళు పోసుకుని, లావెక్కి, స్తంభాల్లా కొమ్మల్ని మోస్తాయి. భూమిలోంచి నీళ్ళు తెచ్చి పోషిస్తాయి. తల్లి పోయినా సంసారం నిలబెట్టిన బిడ్డలన్నమాట.

మేడిపండులో పురుగులుంటాయని మనమంతా చిన్నప్పుడే విన్నాం. మర్రీ మేడీ ఒక జాతివే. వాటి పువ్వులు కాయ లోపలే పూస్తాయి. చీమకన్నా చిన్న కందిరీగలు లోపలికి దూరి పుప్పొడి అందిస్తేనే గింజ కడుతుంది. ఆ పళ్ళను పగలు కోకిలలు, గోరువంకలు, రాత్రి గబ్బిలాలు తిని గింజల్ని దూరదూరాలకు చేరుస్తాయి.

ఇంతా విని, తిరిగి వస్తూంటే మావాడు దారి పక్కన వేలాడుతున్న సన్నటి ఊడను పట్టుకుని ఊగబోయాడు. కోప్పడదామని నోరు తెరిచి ఆగిపోయాను. చిన్నప్పుడు మా ఊరి చెరువుగట్టున నేనెన్ని ఊగానో! ఆ లేత కొస విరిగితే ఊడ నేలదాకా రావడం ఆలస్యమౌతుంది, ఒక్కోసారి రానే రాదు. రేపు మాను కూలితే చెట్టును మోయవలసింది అదే కదా! ఆ మాటే వాడికి చెప్పాను. వాడు చెయ్యి వదిలేసి, "ఇది ఎప్పుడు కింద తాకుతుంది పెద్దమ్మా?" అన్నాడు.

మీరు వెళ్ళేముందు సందర్శకులను ఏ వేళల్లో రానిస్తారో కనుక్కోండి. మంచినీళ్ళు పట్టుకెళ్ళండి. లోపల మెల్లిగా మాట్లాడుకోండి, పిట్టలు కనబడతాయి. చెన్నై దాకా వెళ్ళలేకపోతే మీ ఊరి మర్రి దగ్గరికైనా తీసుకెళ్ళండి. ఊడలు మాత్రం చూపించండి, ఊగనివ్వకండి.